కంటికి కనపడని బండిచక్రం

తెలంగాణలో తిరుమలగిరి అనే పేరు ఒక్క ఊరిది కాదు. సికింద్రాబాదును ఆనుకుని ఒకటున్నది. నాగార్జునసాగరం దాపున మరొకటున్నది. నేను చెప్పబోయేది సూర్యాపేట నుంచి జనగామకు పోయే తోవలో ఉన్న తిరుమలగిరి సంగతి. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. నేను మొదటిసారి పోయినప్పుడు అది గ్రామం. 2018లో మునిసిపాలిటీ అయింది. పేరు మారినంత మాత్రాన మోరీలు ఒక్కరోజున భూమిలోకి దిగిపోవుగదా! మా అక్కగారి వాడలో మోరీ ఇళ్ళ గడపల ముందునుంచే పోతుంది. దానిమీద బండలు పరుచుకుని, ఆ బండల పక్కనే ముగ్గులు వేసుకుని, ఎవరి సంసారం వారు చేసుకుంటున్నారు.

2024 సంక్రాంతికి నేను అక్కగారింటికి వెళ్ళాను. అక్క కూతురు, అంటే నా మేనకోడలు, తన పదినెలల పిల్లవాణ్ణి తీసుకుని హైదరాబాదు నుంచి పండుగకు వచ్చింది. వాడు రెండు పళ్ళు చూపించి నవ్వుతూ, ఒక్కచోట నిలవకుండా ఇల్లంతా దోగాడుతూ, చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. భోగినాటి రాత్రి వాడికి వాంతి అయింది. తెల్లవారేసరికి విరేచనాలు పట్టుకున్నాయి.

"తమ్మీ, పోరడు రాత్రి సంది కక్కుతున్నడు. నీళ్ళ లెక్క పోతున్నయి" అన్నది అక్క.

"పండ్లొచ్చే యాళకు గట్లనే అయితది" అన్నది పక్కింటి అవ్వ. "పాలు బంద్ పెట్టుండ్రి. నీళ్ళు తాపకుండ్రి. ఎంత తాపితె అంత పోతది."

నేను బడిలో పాతికేళ్ళుగా సైన్సు చెబుతున్నవాణ్ణి. అవ్వ మాట తప్పని ఎరుగుదును. పోయే నీళ్ళు ఎట్లాగూ పోతూనే ఉంటాయి. పోసే నీళ్ళు మానేస్తే పిల్లవాడు ఎండిపోతాడు. అంచేత కాస్త గర్వంగానే బజారుకు బయలుదేరాను. ఒక దుకాణంలో అట్టడబ్బాలో పానీయం కనిపించింది. పైన పండ్ల బొమ్మ; బొమ్మ పక్కన ఓ.ఆర్.ఎస్. అనే మూడక్షరాలు. ఆ మూడింటినీ చూశాను గాని, వాటి పక్కనున్న నాలుగో అక్షరాన్ని చూడలేదు. మూడు డబ్బాలు కొనుక్కొచ్చి మేనకోడలి చేతిలో పెట్టాను. తియ్యగా ఉన్నది గనుక పిల్లవాడు చప్పరిస్తూ తాగాడు.

మధ్యాహ్నానికి విరేచనాలు తగ్గకపోగా హెచ్చినాయి. సాయంత్రానికి వాడి కళ్ళు లోపలికి పోయినాయి. ఏడిస్తే కన్నీరు లేదు. పొట్టమీది చర్మాన్ని పట్టి వదిలితే ఆ ముడత అట్లాగే నిలిచి, మెల్లగా సర్దుకుంటున్నది.

"మామా, వీడు నా దిక్కు సూస్తలేడు" అన్నది మేనకోడలు.

బావ పరుగెత్తి కారు మాట్లాడుకొచ్చాడు. సూర్యాపేటకు గంట ప్రయాణం. ఆ గంటసేపూ కారులో ఎవరమూ నోరు విప్పలేదు.

మూడక్షరాల మోసం

ఆస్పత్రిలో చిన్నచేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించారు. ఆ పని అయిన తరువాత డాక్టరమ్మగారు మావైపు తిరిగి, "ఇంటిదగ్గర ఏం తాగించారు?" అని అడిగారు. నేను సంచిలోంచి డబ్బా తీసి చూపించాను.

"ఇది ఓ.ఆర్.ఎస్. కాదండీ. తియ్యటి పానీయం. విరేచనాలప్పుడు ఇంత చక్కెర పేగులోకి పోతే, ఒంట్లో ఉన్న నీళ్ళను కూడా పేగులోకి లాగేస్తుంది" అన్నారామె.

ఆమె నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంత తేలికగా ఉండేది. ఉప్పునీటి వైపు మంచినీరు ప్రవహిస్తుందని ఏటా పిల్లలకు బంగాళదుంప ముక్కతో చేసి చూపించేవాణ్ణి నేనే. చక్కెర విషయంలో కూడా అంతే. ఆ పాఠం నా ఇంటి పిల్లవాడి దగ్గర నాకు గుర్తురాలేదు.

అసలు ఓ.ఆర్.ఎస్.లో రహస్యం దాని పాళ్ళలో ఉన్నది. పేగుగోడలో ఉప్పునూ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకునే ద్వారాలుంటాయి. అవి లోపలికి పోతే వాటి వెంట నీరు పోతుంది. విరేచనాలు ఎంత జోరుగా ఉన్నా చాలావరకు ఈ ద్వారాలు పనిచేస్తూనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్యసంస్థ పద్ధతి ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. చక్కెర అంతకు ఎన్నోరెట్లు ఎక్కువయితే మందు కాస్తా రోగానికి తోడవుతుంది.

1971లో బంగ్లాదేశు యుద్ధకాలంలో బనగాఁవ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైను సీసాలు అయిపోయినప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్‌గారు ఈ ఉప్పు–గ్లూకోజు నీళ్ళనే డ్రమ్ములలో కలిపి, తల్లులచేతనూ బంధువులచేతనూ తాగించి వేలమందిని బతికించారు. 2022లో ఆయన కాలం చేశారు. మరుసటి ఏడు ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇక ఆ మూడక్షరాలను పానీయాల డబ్బాలమీద వేసుకోవటం గురించి హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్‌గారు ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలమీద ఆ పేరు వాడరాదని ఉత్తరువు చేసింది. ఆ ఉత్తరువు మాకు ఏడాది తొమ్మిది నెలలు ఆలస్యంగా వచ్చింది. అంతమాత్రాన తప్పంతా డబ్బాదేనని నేననను. డబ్బా వెనక చదవనివాణ్ణి నేనే.

చక్రమని పేరెందుకు?

"ఇది రోటావైరస్ కావచ్చు" అన్నారు డాక్టరమ్మగారు. "ఈ వయసూ, ఈ చలికాలమూ, ముందు వాంతులూ తరువాత నీళ్ళ విరేచనాలూ చూస్తే అట్లాగే ఉన్నది. పరీక్ష చేసినా చేయకపోయినా చికిత్స ఒకటే. దీనికి యాంటీబయాటిక్కులు పనిచేయవు."

ఆ రెండు రాత్రులు పిల్లవాడి మంచం పక్కన కూర్చుని ఆ పేరును గురించి చదివాను. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్ అనే శాస్త్రజ్ఞురాలూ, ఆమె సహచరులూ విరేచనాలతో ఆస్పత్రికి వచ్చిన పసిపిల్లల పేగు ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. అంతవరకు కారణం తెలియని ఆ జబ్బుకు మూలం అక్కడ గుండ్రంగా కనిపించింది. బర్మింగ్‌హామ్‌లో థామస్ ఫ్లెవెట్ అనే ఆయన దాన్ని చూసి బండిచక్రంలా ఉన్నదన్నాడు. లాటిన్ భాషలో చక్రాన్ని రోటా అంటారు. అదే పేరయింది.

ఒక మిల్లీమీటరు గీతమీద ఈ చక్రాలను వరుసగా పేరిస్తే పదివేల దాకా పడతాయి. ఒకదానిలో ఒకటిగా మూడు పెంకులు. వాటి నడుమ పదకొండు ముక్కలుగా వంశపత్రం. పేగులో నీటిని పీల్చుకునే కణాలను అది పాడుచేస్తుంది. అది చాలదన్నట్టు ఒక విషపదార్థాన్ని కూడా పుట్టిస్తుంది. జబ్బుపడ్డ పిల్లవాడి మలం ఒక్క గ్రాములో వెయ్యికోట్లకు పైగా ఉండవచ్చు. కొత్త బిడ్డకు అంటుకోవటానికి పది మొదలు నూరు చాలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నాకు ఆ రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదో తెలుస్తుంది.

టీకాలు మొదలు కాకముందు మన దేశంలో ఏటా సుమారు 78 వేలమంది అయిదేళ్ళలోపు పిల్లలు దీనివల్ల చనిపోతూ ఉండేవారనీ, 8 లక్షల 70 వేలమంది ఆస్పత్రుల పాలవుతూ ఉండేవారనీ 2014లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

పిండిన నీళ్ళు ఎక్కడికి పోయినాయి?

మూడోనాటికి పిల్లవాడు తల్లిని చూసి చెయ్యి చాచాడు. నాలుగోనాడు ఇంటికి తీసుకొచ్చాము. వాకిట్లో అక్క దిగాలుగా నిలబడి ఉన్నది.

"పక్కింటి పిల్లకు సురువైంది" అన్నది.

అవ్వ మనుమరాలు ఎనిమిదినెలల పిల్ల. పండుగరోజుల్లో మావాడితో ఒకే చాపమీద ఆడింది; ఒక రబ్బరు బొమ్మను ఇద్దరూ చీకారు. అదొక్కటే కాదు. మావాడి గుడ్డలన్నీ అక్క మోరీ పక్కన బండమీద ఉతికి పిండింది. ఆ నీళ్ళు నాలుగడుగులు పోయేసరికి అవ్వగారి నల్లాగుంత దగ్గరకు చేరతాయి.

నల్లాగుంత అంటే తెలియనివారికి చెబుతాను. నీళ్ళు సన్నగా వస్తున్నప్పుడు, పైపును కిందికి దించితే ధార పెద్దదవుతుంది. అందుకని ఇంటిముందు రెండు మూడడుగుల గుంత తవ్వి, అందులో నల్లా బిగించుకుంటాము. ఎవరో వచ్చి తవ్వలేదు. ఎవరి గుంత వారే తవ్వుకున్నాము. మోరీ నిండితే ఆ నీళ్ళు గుంతలోకి వస్తాయి. మంచినీళ్ళు రోజంతా రావు గదా! వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది. ఆపగానే పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. మూత బిగించని నల్లా మురికిలో మునిగి ఉంటే, పీల్చేది ఆ మురికినే. మర్నాడు మొదట వచ్చే బిందెడు నీళ్ళు ఆ మురికివే.

ఆ పిల్లకు జబ్బు వచ్చింది మోరీ నీళ్ళవల్లనో, చేతులవల్లనో, ఆ రబ్బరు బొమ్మవల్లనో నేను చెప్పలేను. ఈ వైరస్‌కు అన్ని తోవలూ తెలుసు. మురుగునీటి వ్యవస్థ చక్కగా ఉన్న దేశాలలో కూడా టీకాకు ముందు అయిదేళ్ళు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారి సోకుతూనే ఉండేది. అయితే మోరీ తోవను మేమే తెరిచిపెట్టామన్న మాట నా మనసులోంచి పోలేదు.

మురుగునీరు చెప్పే కబుర్లు

ఒక ఊరి పేగులలో ఏమున్నదో ఊరికంటే ముందు మురుగునీటికి తెలుస్తుంది. 2016లో హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటి కేంద్రం దగ్గర తీసిన నీటిలో టీకానుంచి మారిన రెండో రకం పోలియో వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకూ జబ్బు కనిపించకముందే, ఆ జూన్ నెలలో సుమారు మూడు లక్షలమంది పిల్లలకు ప్రత్యేకంగా టీకా వేశారు. 2020 ఆగస్టులో సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు నగరం మురుగునీటిలో కరోనా జాడలు కొలిచి, ఎంతమందికి సోకి ఉండవచ్చునో అంచనా కట్టారు. రోటావైరస్ కూడా అంతే. జబ్బుపడ్డ పిల్లలున్న ఊరి మురుగులో అది ఉండక మానదు.

ఆ హైదరాబాదు మురుగంతా మూసీలో పడి, మన నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిపొడుగునా పాతకాలపు కత్వలు అడ్డుపడతాయి. కత్వ వెనక నీరు నిలిచి, మడ్డి అడుక్కి దిగి, ఎండకు కాగి, దిగువకు పోయేకొద్దీ పురుగుల గుడ్లూ బాక్టీరియా తగ్గుతాయని పరిశోధకులు కొలిచి చూపారు. కాని వైరస్ అంత సులువుగా అడుక్కి దిగేది కాదు. విడిగా ఉంటే దానికి బరువే లేదు. మడ్డిని పట్టుకుంటే దిగుతుంది. ఆ మడ్డిలో ఎండ సోకకుండా చాలాకాలం బతికి ఉంటుంది.

మన సెప్టిక్ ట్యాంకుల సంగతి కూడా ఇంతే. దాని పని మడ్డిని అడుక్కి దించటం. వైరస్‌ను చంపటం కాదు. ట్యాంకు పైనుంచి పొర్లే నీళ్ళను మోరీలోకి వదిలామంటే రోగాన్ని వీధిలోకి వదిలినట్టే.

దీన్ని చంపటమెట్లా?

వైరస్‌ను చంపటమంటే దానికి అంటుకునే శక్తి లేకుండా చేయటమని అర్థం. అన్నిటికంటే నమ్మకమైనది నిప్పు. నీళ్ళు తెర్లకాగితే ఈ చక్రం నిలవదు. తాగే నీటికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

రెండోది క్లోరిను. తేటనీటిలో క్లోరిను దీన్ని బాగానే అణుస్తుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండాలి. వైరస్‌ల భయమున్నచోట 0.5 ఉండాలి. బావికో ట్యాంకుకో అయితే మంచి బ్లీచింగు పౌడరు వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు కలిపి, గంటసేపు ఆగాలి. కాని మురుగులో ఈ లెక్క తప్పుతుంది. అక్కడి మలినమూ అమ్మోనియా క్లోరినును ముందే తినేస్తాయి. మోరీ అంచున తెల్లగా పౌడరు చల్లి, పని అయిపోయిందనుకోవటం కంటికి తృప్తే తప్ప మరేమీ కాదు. పైగా మూత తీసి ఉంచిన బస్తాలో పౌడరు నానాటికీ క్లోరినును పోగొట్టుకుంటూ ఉంటుంది.

మూడోది వెలుగు. శుద్ధి కేంద్రాలలో అతినీలలోహిత కిరణాల దీపాలు వాడతారు. బాక్టీరియా కంటే రోటావైరస్ ఈ కిరణాలను ఎక్కువ తట్టుకుంటుంది. నీరు బురదగా ఉంటే కిరణం లోపలికి పోనేపోదు. అందుకనే ముందు మడ్డిని దించి, వడపోసి, ఆ తరువాతనే దీపం పెట్టాలి. ఓజోను వాయువుతో కూడా ఈ పని చేస్తారు. ఇనుపలవణమూ హైడ్రోజన్ పెరాక్సైడూ కలిపి ఎండలో పెడితే పుట్టే చురుకైన ఆక్సిజను రూపాలు వైరస్ పెంకును ఛిద్రం చేస్తాయని పరిశోధనశాలల్లో పరీక్షలు జరిగినాయి. ఎండకు కరువులేని మన సీమలో ఇది ఆశ కలిగించే మాట.

మరొక వింత ఏమిటంటే, ఈ చక్రం పైపెంకును పట్టి ఉంచేది కాల్షియం. ఆ కాల్షియాన్ని లాగేసే మందు వేస్తే పైపెంకు ఊడిపోయి, వైరస్ అంటుకోలేని స్థితికి వస్తుంది. ఎంత మొండిదానికైనా ఒక సీల ఉంటుంది కాబోలు!

మడ్డికి మాత్రం మన సున్నమే గొప్పది. సున్నం కలిపి క్షారాన్ని బాగా పెంచితే వైరస్‌లు నశిస్తాయి. ఇక ఊళ్ళలో అన్నిటికంటే చవకైన మందు కాలమూ మట్టీ. జంటగుంతల మరుగుదొడ్డిలో ఒక గుంత నిండగానే దాన్ని మూసి, కనీసం ఏడాది, వీలైతే రెండేళ్ళు ముట్టకుండా ఉంచితే లోపలిది ఎరువవుతుంది. నీళ్ళు మట్టిలోకి ఇంకుతుంటే మట్టికణాలు వైరస్‌లను పట్టుకుంటాయి. అయితే బావికీ బోరుకూ దూరంగా తవ్వాలి. రాతిపగుళ్ళున్న నేలలో మరీ దూరంగా.

హైదరాబాదులో తయారైన చుక్కలు

మోరీలన్నీ బాగుపడేదాకా పిల్లలు ఆగలేరు. అందుకే టీకా. 1980 దశకంలో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు మహారాజ్ కిషన్ భాన్‌గారు ఒక విచిత్రం గమనించారు. అక్కడ పుట్టిన కొందరు పసికందులకు రోటావైరస్ సోకింది గాని, జబ్బు రాలేదు. ఆ సాధువైన వైరస్‌కు 116ఇ అని పేరుపెట్టారు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ దానితో టీకా తయారుచేసింది. ఢిల్లీ, పూనా, వేలూరు ప్రాంతాలలో 6,799 మంది పసిపిల్లలతో పరీక్ష జరిపితే, మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలు సుమారు 56 శాతం తగ్గినాయని 2013లో ప్రకటించారు. 2016 మార్చిలో ప్రభుత్వ టీకాల పట్టికలో చేర్చిన మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019కల్లా దేశమంతటికీ వచ్చింది. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో, మూడుసార్లు, నోట్లో వేస్తారు. డబ్బు పుచ్చుకోరు.

మావాడి కార్డులో రెండుసార్లే ఉన్నది. మూడోదాని రోజుల్లో మేనకోడలు వాళ్ళు ఇల్లు మారారు. కార్డు పెట్టె అడుగున పడింది. మూడోదీ పడి ఉంటే జబ్బు వచ్చేదే కాదని నేననను. నూటికి నూరుపాళ్ళు కాచే టీకా కాదు అది. కాని వాడి కళ్ళు అంతగా లోపలికి పోయేవి కావేమో! ఆ "ఏమో" మా మేనకోడలిని ఇప్పటికీ వదలలేదు.

అవ్వ చెంచా

అవ్వ మనుమరాలి సంగతి చెప్పాలి. నేను వెళ్ళేసరికి అవ్వ మాటలేకుండా కూర్చుని ఉన్నది. ఆస్పత్రినుంచి తెచ్చిన ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆమె ముందే విప్పి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో పూర్తిగా కలిపాను. పొట్లం లేకపోతే, లీటరు నీటికి తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు; చెంచా అంటే టీ చెంచా సుమా! ఒక్కసారిగా గ్లాసుతో పోయకూడదు. నిమిషానికో చెంచా. వాంతి అయితే పదినిమిషాలు ఆగి మళ్ళీ చెంచా. కలిపిన నీళ్ళు ఒక్కరోజే వాడాలి. తల్లిపాలు మానరాదు. ఆరునెలలు దాటిన పిల్లకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు బిళ్ళ, పద్నాలుగు రోజులు.

"పాలు బంద్ పెట్టమని నేనే చెప్తి బిడ్డా" అన్నది అవ్వ.

"తప్పు నాది కూడా ఉన్నది, అవ్వా. నేను సదువుకుని తప్పు చేసిన" అన్నాను.

ఆ రాత్రంతా చెంచా అవ్వ చేతిలోంచి కదలలేదు. కళ్ళు లోపలికి పోవటం, మూత్రం రాకపోవటం, తాగలేకపోవటం, మలంలో నెత్తురు, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికని అనుకుని, బావ ఆ కారతనికి ముందే చెప్పి ఉంచాడు. దాని అవసరం రాలేదు. అయిదోనాటికి పిల్ల మెతుకులు నమిలింది.

ఆ వారంలోనే బావ మా నల్లాగుంత పూడ్చి, నల్లాను నడుమెత్తున నిలబెట్టి, మూత బిగించాడు. ధార సన్నబడ్డది. బిందె నిండటానికి ఇప్పుడు రెట్టింపు సేపు పడుతున్నదని అక్క సణుగుతుంది. అయినా మళ్ళీ తవ్వనివ్వదు. వాడలో మరో ఆరు ఇళ్ళవారు గుంతలు పూడ్చారు. పిల్లల గుడ్డలు ఉతికిన నీళ్ళు మరుగుదొడ్డిలో పోస్తున్నారు. ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవటం మామూలయింది. మోరీ మాత్రం ఇంకా తెరిచే ఉన్నది.

మొన్న వెళ్ళినప్పుడు మేనకోడలికి రెండో కాన్పు అయి, పచ్చిబాలింత. అక్క గోడమీది క్యాలెండరులో మూడు తేదీల చుట్టూ పసుపుతో సున్నాలు చుట్టింది. వంటింట్లో పోపులడబ్బా పక్కన నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉన్నాయి. నేను ఒకటి తీసి, వెనకవైపు తిప్పి, అచ్చు మొత్తం చదివాను.

"ఏం తమ్మీ, గంత సేపు సదువుతున్నవ్?" అన్నది అక్క.

"పాఠం అక్కా" అన్నాను.